నికాహ్‌కు రుజువు ఏది? వివాహం, సహజీవనం – చట్టం చూసే తేడా

(ముస్లిం కుటుంబాల చట్ట అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు మేము ఎంచుకున్న విషయం విని కొందరు పెద్దలు ఆశ్చర్యపడ్డారు. వివాహం గురించి మాట్లాడటం సబబే, సహజీవనం గురించి మన సభలో చర్చ ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. అందుకు జవాబు చెప్పిన తరువాతనే విషయంలోకి వెళ్లడం మర్యాద.

వివాహబంధం లేని సహజీవనాన్ని షరీఅత్ అంగీకరించదు. ఇందులో మాకు సందేహం లేదు, ఈ సభలో ఎవరికీ ఉండదు. అయితే న్యాయస్థానం ముందు నిలబడినప్పుడు అడిగే మొదటి ప్రశ్న వేరుగా ఉంటుంది. “మీ ఇద్దరికీ వివాహం జరిగిందనడానికి రుజువు ఏమిటి?” అని న్యాయమూర్తి అడుగుతారు. నికాహ్ సక్రమంగా జరిగి, దీవెనలు అంది, వలీమా భోజనాలు పెట్టిన తరువాత కూడా, పాతికేళ్లకు ఆ ప్రశ్నకు చూపవలసిన కాగితం లేక తడబడే కుటుంబాలు మనలో ఉన్నాయి. అటువంటి స్త్రీ భార్య అయి ఉండి కూడా, చట్టం లెక్కలో ‘కలిసి జీవించిన స్త్రీ’గా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వివాహానికీ సహజీవనానికీ మధ్య చట్టం గీసిన గీత ఎక్కడుందో మనం తెలుసుకోవలసిన మొదటి కారణం ఇదే.

రెండవ కారణం కూడా దాచవలసినది కాదు. ఉద్యోగాల కోసం నగరాలకు, విదేశాలకు వెళ్లిన మన పిల్లల్లో కొందరు పెద్దలకు చెప్పకుండా కలిసి జీవిస్తున్నారు. వారిలో ఒక ఆడపిల్ల మోసపోయి తిరిగివస్తే తలుపు వేసుకునే కుటుంబం కంటే, ఆమెకు చట్టం ఏమిస్తుందో తెలిసి దారి చూపే కుటుంబం మేలైనది.

చట్టం దృష్టిలో నికాహ్

మన దేశంలో ముస్లింల వివాహం, మహర్, విడాకులు, వారసత్వం 1937 నాటి షరీఅత్ అనువర్తన చట్టం ప్రకారం ముస్లిం వ్యక్తిగత ధర్మశాస్త్రాన్ని అనుసరిస్తాయి. ఆ శాస్త్రం ప్రకారం నికాహ్ ఒక ఒప్పందం, దివ్య ఖుర్‌ఆన్ మాటలో ఒక దృఢమైన ప్రమాణం. ఒక పక్షం ప్రతిపాదించాలి, అదే సమావేశంలో రెండవ పక్షం అంగీకరించాలి. హనఫీ సంప్రదాయంలో ఇద్దరు పురుషులు, లేదా ఒక పురుషుడు ఇద్దరు స్త్రీలు సాక్షులుగా ఉండాలి. షియా సంప్రదాయంలో నికాహ్‌కు సాక్షులు తప్పనిసరి కాదు. మహర్ భార్య హక్కు. దాన్ని ముందుగా నిర్ణయించకపోయినా నికాహ్ చెల్లుతుంది, ఆమె స్థాయికి తగిన ‘మహరె మిస్ల్’ ఆమెకు రావలసిందే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఖాజీ లేకపోయినా నికాహ్ చెల్లుతుంది. 1880 నాటి ఖాజీల చట్టం కూడా వివాహ సమయంలో ఖాజీ సమక్షం తప్పనిసరి కాదనే చెబుతుంది. కాగితం లేకపోయినా నికాహ్ చెల్లుతుంది. షరీఅత్ వివాహాన్ని ఇంత సులభం చేసింది. ఆ సౌలభ్యాన్నే మనం నిర్లక్ష్యానికి సాకుగా మార్చుకున్నాము. వివాహం చెల్లడం ఒక సంగతి, చెల్లిందని నిరూపించగలగడం మరొక సంగతి. సాక్షులు మరణిస్తారు, ఊళ్లు మారుతారు, కొందరు మాట మారుస్తారు. కాగితం మాట మార్చదు.

మన శాస్త్రం వివాహాలను మూడు విధాలుగా చూస్తుంది. అన్ని షరతులూ నెరవేరినది సహీహ్. సవరించదగిన లోపం ఉన్నది ఫాసిద్. నిషిద్ధమైన రక్తసంబంధీకుల మధ్య జరిగిన వివాహం వంటిది బాతిల్, అంటే మొదటినుంచీ లేనట్టే. ఫాసిద్ వివాహంలో దాంపత్యం జరిగితే భార్యకు మహర్ వస్తుంది, పిల్లలు సక్రమ సంతానమే అవుతారు, తండ్రి ఆస్తికి వారసులవుతారు. కానీ భార్యాభర్తల మధ్య వారసత్వం ఉండదు. ఈ భేదం పుస్తకాల్లో నిలిచిపోయింది కాదు. 2008లో కర్ణాటక నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో, భార్య బ్రతికి ఉండగా ఆమె చెల్లెలిని చేసుకున్న నికాహ్ ఫాసిదే కానీ బాతిల్ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. సమర్థమైన న్యాయస్థానం దాన్ని రద్దు చేసేంతవరకు ఆ స్త్రీకీ, ఆమె సంతానానికీ మనోవర్తి ఇవ్వవలసిందేనని చెప్పింది.

సహజీవనానికి చట్టంలో ఉన్న చోటు

వయసు వచ్చిన ఇద్దరు స్వచ్ఛందంగా కలిసి జీవిస్తే అది నేరం కాదని 2010లో నటి ఖుష్బూ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నేరం కాకపోవడం వేరు, హక్కులు కలగడం వేరు. సహజీవనం చేసే జంటకు భార్యాభర్తల హోదా ఇచ్చే చట్టం దేశవ్యాప్తంగా ఏదీ లేదు.

ఒకే ఒక ముఖ్యమైన ద్వారం 2005 నాటి గృహహింస చట్టం తెరిచింది. 2006 అక్టోబర్ నుంచి అమలులో ఉన్న ఈ చట్టం భార్యలతోపాటు ‘వివాహం వంటి సంబంధం’లో జీవించిన స్త్రీలకు కూడా రక్షణ ఇస్తుంది. మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. దీని కింద స్త్రీ రక్షణ ఉత్తర్వు కోరవచ్చు, కలిసి ఉన్న ఇంటిలో నివసించే హక్కు కోరవచ్చు, ఖర్చులకు డబ్బు, నష్టపరిహారం, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోరవచ్చు.

అయితే కలిసి ఉన్న ప్రతి జంటదీ వివాహం వంటి సంబంధం కాదు. 2010 అక్టోబర్‌లో తమిళనాడు నుంచి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నాలుగు గీటురాళ్లు చెప్పింది. ఆ ఇద్దరూ సమాజం ముందు భార్యాభర్తలుగా మసలాలి. ఇద్దరికీ వివాహ వయసు ఉండాలి. వివాహం చేసుకోవడానికి ఇతరత్రా అర్హత ఉండాలి. గణనీయమైన కాలం స్వచ్ఛందంగా కలిసి జీవించి ఉండాలి. వీటితోపాటు ఒకే ఇంటిలో కాపురం ఉండాలి. 2013లో మరొక తీర్పు వచ్చింది. పురుషుడికి భార్యాపిల్లలు ఉన్నారని తెలిసే అతనితో 18 ఏళ్లు జీవించిన స్త్రీకి ఈ చట్టం కింద రక్షణ రాదని న్యాయస్థానం చెప్పింది. ఆ తీర్పులోనే ఇటువంటి స్త్రీలను ఆదుకునే చట్టం చేయాలని పార్లమెంటుకు సూచించింది. పద్దెనిమిదేళ్ల కాపురం చివరికి ఆమెకు మిగిల్చింది ఆ సూచన మాత్రమే.

ఎన్నేళ్లు కలిసి ఉంటే పెళ్లయినట్టు?

మా వద్దకు వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇన్నేళ్లు కలిసి ఉంటే వివాహం అయిపోయినట్టేనని చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఉన్నది ఒక ఊహ మాత్రమే. స్త్రీపురుషులు దీర్ఘకాలం భార్యాభర్తలుగా నిరంతరం కలిసి జీవించి, లోకం వారిని అలాగే గుర్తిస్తే, వారికి వివాహం జరిగే ఉంటుందని న్యాయస్థానం ఊహించవచ్చు. పాత సాక్ష్యాల చట్టంలో 114వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 119వ సెక్షన్ ఇందుకు ఆధారం. ముస్లిం జంటల విషయంలో ఈ సూత్రాన్ని ప్రివీ కౌన్సిల్ పందొమ్మిదో శతాబ్దంలోనే అంగీకరించింది, 1929లో మరింత గట్టిగా చెప్పింది. 1978లో సుప్రీంకోర్టు, యాభై ఏళ్లు భార్యాభర్తలుగా బ్రతికిన ఒక జంట వివాహాన్ని ప్రత్యక్ష సాక్షులు లేరన్న కారణంతో కొట్టివేయడానికి నిరాకరించింది.

ఈ ఊహ కొందరికి ఆసరా అయ్యే మాట నిజం. కానీ ఊహను ఎదుటి పక్షం ఖండించవచ్చు. వివాహం జరగలేదని వారు సాక్ష్యం చూపితే ఊహ కూలిపోతుంది. ఇద్దరి మధ్య వివాహం నిషిద్ధమైతే ఊహకు అసలు తావే లేదు. పైగా దీన్ని నమ్ముకున్న స్త్రీ, భర్త మరణించిన తరువాత మరుదులతోనో సవతి పిల్లలతోనో ఏళ్ల తరబడి సివిల్ కోర్టులో పోరాడవలసి వస్తుంది. తెల్లకాగితం మీద రెండు సంతకాలతో తీరిపోవలసిన సంగతి, ఇరుగుపొరుగు సాక్ష్యాల మీద ఆధారపడుతుంది.

మనోవర్తి

భార్య పోషణకు సంబంధించిన నిబంధన ఇంతకాలం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ అయింది. భార్య, విడాకులు పొంది తిరిగి వివాహం చేసుకోని స్త్రీ, పిల్లలు, తల్లిదండ్రులు దీని కింద మనోవర్తి కోరవచ్చు.

1985 నాటి షా బానో తీర్పు, 1986 నాటి చట్టం, ఆ చట్టానికి 2001లో డానియల్ లతీఫీ వ్యాజ్యంలో వచ్చిన వ్యాఖ్యానం మన పాఠకులకు తెలిసినవే. ఇద్దత్ కాలంలోపే ఆమె భవిష్యత్తు మొత్తానికి సరిపడే న్యాయమైన ఏర్పాటు చేయాలని 2001 తీర్పు చెప్పింది. 2024 జూలై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మరొక మాట స్పష్టం చేసింది. 1986 చట్టం ఉన్నంత మాత్రాన విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 125వ సెక్షన్ తలుపు మూసుకుపోదని, ఏ దారి ఎంచుకోవాలన్నది ఆమె ఇష్టమని చెప్పింది.

ఇవన్నీ భార్యకు, భార్యగా ఉన్న స్త్రీకి దక్కే హక్కులు. మనోవర్తి వ్యాజ్యంలో వివాహాన్ని పక్కాగా నిరూపించనక్కరలేదు, పైచూపుకు వివాహం జరిగినట్టు కనిపిస్తే చాలునని న్యాయస్థానాలు ఉదారంగా చూస్తాయి. కానీ అసలు వివాహమే చేసుకోలేదని తానే ఒప్పుకునే స్త్రీని ‘భార్య’ అన్న మాటలో చేర్చవచ్చా? చేర్చేలా విశాలంగా అర్థం చెప్పాలని 2010లో ఇద్దరు న్యాయమూర్తులు అభిప్రాయపడి, విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించారు. కనుక సహజీవనం చేసిన స్త్రీ 144వ సెక్షన్ కంటే గృహహింస చట్టాన్ని ఆశ్రయించడమే క్షేమం. పెళ్లి చేసుకుంటానని మోసపూరితంగా నమ్మించి లైంగిక సంబంధం పెట్టుకున్న వ్యక్తికి భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చునన్న సంగతి కూడా ఆమెకు తెలియాలి.

వారసత్వం

అన్నిటికంటే పెద్ద తేడా మరణం తరువాత బయటపడుతుంది. ఒక లెక్క చూద్దాం. ఒక వ్యక్తి మరణించాడు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా 24 లక్షల రూపాయల ఆస్తి మిగిలింది. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. హనఫీ లెక్క ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షల్లో కొడుకుకు 14, కూతురుకు 7. పిల్లలే లేకపోతే భార్య వాటా నాలుగో వంతు అవుతుంది. అంతేకాదు, చెల్లించని మహర్ అప్పుల జాబితాలో ఉంటుంది. పంపకానికి ముందే ఆమెకు అది చెల్లించాలి. మహర్‌కు బదులుగా భర్త ఆస్తి ఆమె స్వాధీనంలోకి సక్రమంగా వచ్చి ఉంటే, బాకీ తీరేవరకు దాన్ని తన అధీనంలో ఉంచుకునే హక్కు కూడా ఆమెకు ఉంది.

అదే వ్యక్తితో నికాహ్ లేకుండా పాతికేళ్లు జీవించిన స్త్రీకి వాటా లేదు. మహర్ లేదు. అతను బ్రతికి ఉండగా వీలునామా రాసి ఉంటే మూడో వంతుకు మించకుండా రావచ్చు. హిబా చేసి స్వాధీనం కూడా అప్పగించి ఉంటే ఆ ఆస్తి దక్కుతుంది. అతను ఏదీ చేయకుండా కన్నుమూస్తే ఆమెకు మిగిలేది సున్నా.

ఉద్యోగ ప్రయోజనాల్లోనూ ఇదే భేదం. భవిష్య నిధి ఖాతాదారుకు కుటుంబం ఉంటే, కుటుంబ సభ్యులు కానివారి పేర రాసిన నామినేషన్ చెల్లదు. జీవిత బీమాలో 2015 సవరణ తరువాత భార్య నామినీగా ఉంటే ఆ సొమ్ము ఆమెదే అవుతుంది. వివాహం లేని సహచరి పేరు రాసినా ఆ హోదా రాదు, వారసులు ఆమెను ప్రశ్నించవచ్చు. కుటుంబ పింఛను ఇచ్చే కార్యాలయం మొదట అడిగేది వివాహ ధ్రువపత్రాన్నే.

పిల్లల సంగతి

పోషణ విషయంలో చట్టం పిల్లల మధ్య తేడా చూపదు. తల్లిదండ్రులకు వివాహం జరిగినా, జరగకపోయినా 144వ సెక్షన్ కింద బిడ్డకు మనోవర్తి హక్కు ఉంది. వారసత్వం మాత్రం వేరు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చెల్లని వివాహంలో పుట్టిన పిల్లలకు కూడా సక్రమ సంతాన హోదా ఇస్తుంది. ముస్లిం వ్యక్తిగత చట్టంలో అటువంటి నిబంధన లేదు. నికాహ్ లేకుండా పుట్టిన బిడ్డ హనఫీ శాస్త్రం ప్రకారం తల్లికి, తల్లి తరఫు వారికి మాత్రమే వారసుడవుతాడు.

వివాహం జరిగిందా లేదా అన్నది తేలని స్థితిలో మన శాస్త్రం ఒక దయగల మార్గం చూపింది. అది ఇఖ్రార్, అంటే తండ్రి అంగీకారం. ఈ బిడ్డ నా సంతానమని తండ్రి ప్రకటిస్తే, వివాహానికి అవకాశం ఉన్న సందర్భంలో ఆ బిడ్డ సక్రమ సంతానమవుతాడు. 1888లో అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఈ సూత్రాన్ని విశదంగా వివరించారు. కానీ వివాహం జరగలేదని తేలిపోయిన చోట ఇఖ్రార్ పనిచేయదు. తల్లిదండ్రుల నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది ఏ తప్పూ చేయని బిడ్డ.

నమోదు ఏ చట్టం కింద?

2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్ని మతాల వివాహాల నమోదును తప్పనిసరి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే, 2002లో, వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. ఈనాటి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది వర్తిస్తుంది. ఈ నమోదు వల్ల షరీఅత్‌కు భంగం లేదు. నికాహ్ నికాహ్‌గానే ఉంటుంది, మహర్ మహర్‌గానే ఉంటుంది, వారసత్వం మారదు. జరిగిన దానికి ప్రభుత్వ పుస్తకంలో ఒక పంక్తి చేరుతుంది, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసే నమోదు దీనికి భిన్నమైనది. ముప్పై రోజుల నోటీసు తరువాత జరిగే ఆ వివాహం, లేదా ముందే జరిగిన నికాహ్‌ను ఆ చట్టం కింద నమోదు చేయించడం, జంట వారసత్వాన్ని 1925 నాటి భారత వారసత్వ చట్టం కిందికి మారుస్తుంది. కొందరు తెలిసే ఆ దారి ఎంచుకుంటారు. కేరళలో 2023లో ఒక ముస్లిం జంట తమ కుమార్తెలకే ఆస్తి మొత్తం దక్కాలని ఆ చట్టం కింద మళ్లీ వివాహం నమోదు చేయించుకుంది. తెలిసి చేయడం వారి ఇష్టం. కానీ వీసా తొందరలో, ఏజెంటు చెప్పిన ఫారం మీద సంతకం పెట్టి, ఏ చట్టం కింద నమోదయిందో తెలియకుండా ఉండటం తగదు. సంతకానికి ముందు ఫారం పైభాగాన ఉన్న చట్టం పేరు చదవండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు

ఇంగ్లండులో ‘కామన్ లా’ వివాహమన్నది ప్రజల నోట ఉన్న అపోహ. అటువంటి వివాహాలకు 1753 నాటి చట్టమే తెరదించింది. అక్కడ మసీదులోనో, హోటల్లోనో ఇమాం సమక్షంలో నికాహ్ జరిపించి పౌర నమోదు చేయించకపోతే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు చెప్పింది. 1998లో లండన్‌లో నికాహ్ జరిగి, నలుగురు పిల్లలు ఉన్న జంట విషయంలో కూడా ఆ వేడుకకు చట్టం దృష్టిలో వివాహ హోదా లేదని తేల్చింది. కింది న్యాయస్థానం దాన్ని కనీసం ‘చెల్లని వివాహం’గా గుర్తించి ఉపశమనానికి దారి ఇచ్చింది, అప్పీలు కోర్టు ఆ దారినీ మూసింది. విడిపోయినప్పుడు భర్త ఆస్తిలో పంపకం కోరే హక్కు అటువంటి స్త్రీకి ఉండదు. అదే నికాహ్ హైదరాబాదులోనో, గుంటూరులోనో మన చట్టం ప్రకారం సక్రమంగా జరిగి ఉంటే, వివాహం జరిగిన దేశపు చట్టాన్ని బట్టి ఇంగ్లండు సాధారణంగా దాన్ని గుర్తిస్తుంది. కనుక లండన్‌లో నికాహ్ పెట్టుకునే వారు అదే వారంలో రిజిస్ట్రారు కార్యాలయానికి కూడా వెళ్లాలి.

కెనడా పద్ధతి వేరు. అక్కడ పన్ను లెక్కలకు పన్నెండు నెలలు కలిసి ఉన్న జంటను కామన్ లా జంటగా చూస్తారు. కానీ ఆస్తి పంపకం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒంటారియోలో మూడేళ్లు కలిసి ఉన్నవారికి, లేదా బిడ్డ ఉండి కొంత స్థిరమైన కాపురం ఉన్నవారికి భరణం కోరే హక్కు ఉన్నా, వివాహితులకు ఉన్నట్టు ఆస్తి సమాన పంపకం లేదు. బ్రిటిష్ కొలంబియాలో రెండేళ్లు కలిసి ఉంటే ఆ హక్కు కూడా వస్తుంది. మన తెలుగువారు ఎక్కువగా ఉన్న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం మరొక తీరు. అక్కడ ఇద్దరూ వివాహితులమని ఒప్పుకుని, ఆ రాష్ట్రంలో కలిసి ఉంటూ, ఇతరులకు భార్యాభర్తలమని చెప్పుకుంటే చాలు, ఇన్నేళ్లన్న నియమం లేకుండానే వివాహంగా గుర్తిస్తారు. ఒక చోట హక్కు ఇచ్చే కాపురం మరొక చోట ఏమీ ఇవ్వదు. ఎక్కడైనా నిలబడేది నమోదయిన వివాహమే.

ఉత్తరాఖండ్ చెప్పే పాఠం

2025 జనవరి 27 నుంచి ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి అమలులోకి వచ్చింది. అక్కడ సహజీవనాన్ని కూడా ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. నెలలోపు చేయకపోతే మూడు నెలల వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. వదిలివేయబడిన స్త్రీకి మనోవర్తి, పిల్లలకు సక్రమ సంతాన హోదా ఆ చట్టం ఇస్తుంది. స్త్రీకి, బిడ్డకు రక్షణ కలగడాన్ని మేము తప్పుపట్టము. కానీ రక్షణ పేరుతో పౌరుల ఇళ్లలోకి పోలీసు తొంగిచూసే వీలు కల్పించడం, మతాంతర జంటలను వేధింపులకు గురిచేసే అవకాశం ఇవ్వడం, షెడ్యూల్డ్ తెగలను మినహాయించి ముస్లింల వ్యక్తిగత చట్టాన్ని మాత్రం తుడిచివేయడం న్యాయం కాదు. ఈ చట్టాన్ని న్యాయస్థానంలో సవాలు చేసినవారూ ఉన్నారు.

అయితే ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. మన వ్యక్తిగత చట్టాన్ని కాపాడమని బయట గొంతెత్తే మనం, ఆ చట్టం స్త్రీకి ఇచ్చిన మహర్‌ను, వారసత్వాన్ని మన ఇళ్లలో ఎంతవరకు ఇస్తున్నాము? పాతబస్తీలో ముసలి షేకులకు చిన్న ఆడపిల్లలను కొద్దిరోజుల కాపురానికి అప్పగించిన దళారులు, ఆ వ్యాపారానికి నికాహ్ అనే పవిత్రమైన పేరే పెట్టారు. 2017లో హైదరాబాద్ పోలీసులు అరబ్ దేశస్థులతోపాటు కొందరు ఖాజీలను కూడా అరెస్టు చేయవలసి వచ్చింది. తాత్కాలిక వివాహం సున్నీ శాస్త్రంలో చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల వివాహాన్ని దేశ చట్టం నిషేధించింది. ఇటువంటి వాటిని మనమే అడ్డుకోకపోతే, అడ్డుకునే నెపంతో ఇతరులు మన చట్టం మొత్తం మీదికి వస్తారు.

మనం చేయవలసినవి

ఇక పనుల మాట. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

నికాహ్‌నామాలో, హైదరాబాదీయులు సియాహానామా అని పిలుచుకునే ఆ పత్రంలో, వధూవరుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఒక ప్రతి వధువు చేతిలోనే ఉండాలి. అత్తవారి బీరువాలో ఉన్న కాగితం అవసరమైన రోజున దొరకదు.

మహర్‌లో తక్షణం చెల్లించేది ఎంతో, తరువాత చెల్లించేది ఎంతో విడివిడిగా రాయించండి. రూపాయల విలువ ఏటేటా కరుగుతుంది, బంగారం తూకంలో రాస్తే నిలుస్తుంది. అప్పు చేస్తే రాసుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలో ఆదేశించింది. మహర్ కూడా అప్పే.

నికాహ్‌నామాలో షరతులు రాయించుకునే అవకాశం షరీఅత్ ఇచ్చింది. నిర్దిష్ట పరిస్థితుల్లో విడాకుల అధికారాన్ని భార్యకు అప్పగించే తఫ్వీజ్ షరతును మన న్యాయస్థానాలూ అంగీకరించాయి. దాన్ని కోరిన వధువును అనుమానంగా చూడకండి.

ఖాజీ పుస్తకంలో రాయించడంతో ఆగకుండా, 2002 చట్టం కింద కూడా వివాహాన్ని నమోదు చేయించండి. ఏళ్ల క్రితం నికాహ్ జరిగి కాగితం లేని దంపతులు, సాక్షులు బ్రతికి ఉండగానే, ఇద్దరూ ఆరోగ్యంగా ఉండగానే ఈ పని పూర్తిచేయాలి. రేషన్ కార్డు, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, బీమా, భవిష్య నిధి అన్నిటిలో భార్య పేరు భార్యగానే ఉండాలి. ఇవి వివాహాన్ని సృష్టించవు, కానీ రుజువు కావలసిన రోజున సాక్ష్యం చెబుతాయి.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒకటి. జుమా రోజున నెలకొకసారి ఒక గంట సేపు, మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను కూర్చోబెట్టండి. కాగితం లేని దంపతుల దరఖాస్తులు వారు రాసిపెడతారు. దీనికి ఏ సంస్థ అనుమతీ అక్కరలేదు.

చివరగా, వివాహం లేకుండా కలిసి జీవించి, వదిలివేయబడి మన గడప తొక్కిన స్త్రీ గురించి. ఆమె చేసినదాన్ని సమర్థించమని మేము చెప్పడం లేదు. ఆమెకు న్యాయం చేయమంటున్నాము. జిల్లా రక్షణాధికారి ఎక్కడుంటారో చెప్పండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, అక్కడికి వెంట వెళ్లండి. ఆమె చేతిలోని బిడ్డకు పాలు, బడి, పేరు కావాలి. తీర్పు చెప్పే పని అల్లాహ్‌ది. తోడు నిలిచే పని మనది.

మన ఇళ్లలో జరిగే ప్రతి నికాహ్ అల్లాహ్ సన్నిధిలోనూ, న్యాయస్థానంలోనూ నిలబడేలా చేసే వివేకాన్ని ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.